అలన్ ఆక్టేవియన్ హ్యూమ్

అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ (జూన్ 4, 1829 - జూలై 31, 1912) బ్రిటిషు ఇండియాలో ఉన్నతోద్యోగి, పక్షిశాస్త్రవేత్త, సంస్కర్త. భారత జాతీయ కాంగ్రెసు స్థాపకులలో ప్రముఖుడుగా ఇతని పేరు చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. కాని కాంగ్రెసు ఆవిర్భావానికి ముందు రమారమి పాతికేళ్ళు ఇతడు భారతదేశపు పక్షుల అధ్యయనానికి తన ధనాన్ని, తీరిక కాలాన్ని వెచ్చించాడు. ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఆసియా పక్షుల సేకరణ ఇతని ఇంటిలోనే ఉండేది. భారతదేశంలో పక్షిశాస్త్రానికి ఇతనిని పితామహుడుగా పరిగణిస్తారు. 1873లో బంగాళాఖాతంలోని అండమాన్, నికోబార్ దీవులకు, బారెన్, నార్కొండం అనే అగ్నిపర్వత ద్వీపాలకు ఇతడు జరిపిన నౌకాయాత్ర ఆ కృషిలో ముఖ్యమైన ఘట్టం. నార్కొండం దీవిలో తప్ప భూమిపై మరెక్కడా లేని హార్న్‌బిల్ పక్షి శాస్త్రలోకానికి తెలిసింది ఆ యాత్ర వలననే.

బాల్యం, విద్యాభ్యాసం

హ్యూమ్ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ హ్యూమ్ స్కాట్లండు దేశస్థుడు. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడుగా పనిచేసి, స్వదేశానికి తిరిగి వెళ్ళి బ్రిటిషు పార్లమెంటు సభ్యుడయ్యాడు. ప్రభుత్వ దుబారాను నిర్దాక్షిణ్యంగా ఎండగట్టే సంస్కరణవాదిగా ఆయనకు పేరుండేది. తల్లి మరియా బర్న్‌లీ. తొమ్మిదిమంది సంతానంలో అలన్ ఎనిమిదవవాడు. అధికారులను ప్రశ్నించే గుణం ఇతనికి తండ్రి నుండి సంక్రమించిందని జీవితచరిత్రకారులు భావిస్తారు.

పదకొండేళ్ళ వరకు ఇంటివద్దనే చదువుకున్నాడు. పదమూడేళ్ళ ప్రాయంలో బ్రిటిషు నౌకాదళానికి చెందిన వాన్‌గార్డ్ అనే ఓడలో చేరి కొంతకాలం మధ్యధరా సముద్రంలో గడిపాడు. పిమ్మట లండనులోని యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రిలో వైద్యం, శస్త్రచికిత్స అభ్యసించాడు. కంపెనీ ఉద్యోగులను తయారుచేసే హెయిలీబరీ కళాశాలలో శిక్షణ పొంది, 1849లో బెంగాల్ సివిల్ సర్వీసులో చేరాడు. 1853లో మేరీ అన్ గ్రిండాల్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమార్తె.

ఇటావాలో ఉద్యోగం, 1857 తిరుగుబాటు

హ్యూమ్ తొలి ఉద్యోగం నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో. అక్కడ చదువు లేకపోవడమే ప్రజల కష్టాలకు ముఖ్య కారణమని గ్రహించి, 1856లో ఉచిత ప్రాథమిక పాఠశాలలను ప్రారంభించాడు. ఏడాది తిరిగేసరికి 181 పాఠశాలలు, 5,186 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్కలున్నాయి. వారిలో బాలికలు ఇద్దరే. ఉన్నత పాఠశాల భవనానికి సొంత ధనం కూడా వెచ్చించాడు. సారా అమ్మకం మీద ప్రభుత్వం ఆదాయం సంపాదించడాన్ని బహిరంగంగానే వ్యతిరేకించాడు. నేరం చేసిన బాలలను జైలుకు పంపే బదులు వారిని సంస్కరించే సంస్థ ఉండాలని వాదించాడు.

1857లో సిపాయిల తిరుగుబాటు ఇటావాకు వ్యాపించింది. హ్యూమ్ ఆగ్రా కోటకు వెళ్ళి తలదాచుకోవలసి వచ్చింది. 1858 జనవరిలో తిరిగివచ్చి, 650 మంది భారతీయులతో కూడిన దళానికి నాయకత్వం వహించి జిల్లాను మళ్ళీ అదుపులోకి తెచ్చాడు. ఇతర జిల్లాలలో అధికారులు కనిపించినవారినల్లా ఉరితీస్తున్న ఆ రోజులలో ఇతడు విచారణ లేకుండా శిక్షించడాన్ని ఒప్పుకోలేదు. ఇటావాలో ఉరిశిక్ష పడినవారు ఏడుగురు మాత్రమే. ఈ సేవకు గాను 1860లో ప్రభుత్వం ఇతనికి సి.బి. బిరుదమిచ్చింది. తిరుగుబాటు ముగిసిన పిమ్మట 1859లో కుంవర్ లక్ష్మణసింగ్‌తో కలిసి లోకమిత్ర అనే పత్రిక వెలువడడానికి తోడ్పడ్డాడు.

ఇటావాలో సేకరించుకున్న తొలి పక్షుల సంపుటి ఈ తిరుగుబాటు కాలంలో పూర్తిగా నాశనమైంది. హ్యూమ్ మళ్ళీ మొదటినుండి ఆరంభించవలసి వచ్చింది.

సుంకపు కంచె

1867లో హ్యూమ్ వాయవ్య పరగణాలలో సుంకాల కమిషనరుగా నియమితుడయ్యాడు. ఉప్పుమీద పన్ను ఎగవేయకుండా చూడడానికి ఆనాటి ప్రభుత్వం ఉత్తర, మధ్య భారతదేశాల మీదుగా వేల మైళ్ళ పొడవున కాపలా రేఖ ఏర్పాటు చేసింది. అందులో చాలా భాగం తుమ్మ, రేగు, వాక, నాగజెముడు వంటి ముళ్ళచెట్లతో పెంచిన సజీవ కంచె. ఈ కంచెను దట్టంగా పెంచే పద్ధతులను హ్యూమ్ శాస్త్రీయంగా పరిశీలించి అమలు జరిపాడు. అయితే ఇటువంటి అడ్డుగోడ వాణిజ్యానికీ ప్రజలకూ చేటన్నది ఇతని అభిప్రాయం. ఉప్పు పుట్టే చోటనే పన్ను వసూలు చేస్తే కంచె అవసరముండదు గనుక, రాజపుత్ర సంస్థానాలతో ఒప్పందాలు కుదిర్చే ప్రయత్నంలో పాల్గొన్నాడు. 1879లో ప్రభుత్వం ఈ రేఖను ఎత్తివేసింది. ఈ ఉద్యోగంలో చేయవలసి వచ్చిన దూర ప్రయాణాలు ఇతని పక్షుల అధ్యయనానికి ఎంతో ఉపకరించాయి.

పక్షిశాస్త్ర కృషి

అప్పటికి భారతీయ పక్షులపై ప్రామాణిక గ్రంథం టి.సి.జెర్డన్ 1862-64లో ప్రచురించిన బర్డ్స్ ఆఫ్ ఇండియా. జెర్డన్ నెల్లూరులో వైద్యాధికారిగా ఉండగా తూర్పు కనుమల పక్షులను పరిశీలించినవాడు. కడప ప్రాంతపు కలివికోడి ఆయన ద్వారానే లోకానికి తెలిసింది. ఆయన గ్రంథంలో లేని పక్షులను, అప్పటికి తెలియని ప్రాంతాలను చేర్చి యావద్భారత పక్షులపై సమగ్ర గ్రంథం రచించాలన్నది హ్యూమ్ సంకల్పం. 1869లో ప్రచురించిన మై స్క్రాప్ బుక్ దానికి తొలి మెట్టు.

ఒక్కడివల్ల అయ్యే పని కాదని గ్రహించి హ్యూమ్ దేశమంతటా ఉన్న ఉద్యోగులు, వైద్యులు, తోటల యజమానులు, సైనికాధికారులను ఉత్తరాల ద్వారా కూడగట్టాడు. 1872లో స్ట్రే ఫెదర్స్ అనే పత్రికను స్థాపించాడు. భారతదేశంలో పక్షిశాస్త్రానికే ప్రత్యేకించిన తొలి పత్రిక ఇది. మారుమూల గ్రామంలో ఉన్న పరిశీలకుడు కూడా తాను చూసినది ఈ పత్రికకు వ్రాసి పంపవచ్చును. పక్షిని ఎలా భద్రపరచాలో, ఏయే కొలతలు తీసుకోవాలో వివరిస్తూ కొత్తవారికోసం 1874లో ఒక కరదీపికను కూడా ప్రచురించాడు.

ఆ రోజులలో దుర్భిణి, ఛాయాచిత్రం ఆధారంగా పక్షిని గుర్తించే పద్ధతి లేదు. పక్షిని కాల్చి, చర్మాన్ని ఒలిచి, పాషాణం పట్టించి, దూది నింపి భద్రపరచేవారు. చనిపోయిన కొద్దిసేపటికే కన్ను, ముక్కు, కాళ్ళ రంగులు మారిపోతాయి. అందువలన వాటిని వెంటనే చూసి వ్రాసుకోవాలని, దొరికిన చోటు, తేదీ, ఆడదో మగదో ప్రతి పక్షికీ కట్టిన చీటీమీద నమోదు చేయాలని హ్యూమ్ పట్టుబట్టేవాడు. ఒకే జాతి పక్షులను వేర్వేరు ఋతువులలో, వేర్వేరు ప్రాంతాలనుండి పెద్ద సంఖ్యలో సేకరిస్తేనే వాటి మధ్య తేడాలు తెలుస్తాయని ఇతని విశ్వాసం.

1871 నవంబరు నుండి 1872 ఫిబ్రవరి వరకు సింధు నదీ ప్రాంతంలో పెద్ద యాత్ర జరిపాడు. విలియం డేవిసన్ అనే యువకుడిని సేకరణ సంరక్షకుడుగా నియమించి, అండమాన్ దీవులకు, తెనాసెరిం ప్రాంతానికి పంపాడు. సిమ్లాలో జాకూ కొండపై కొన్న రోత్నీ కాసిల్ అనే భవనంలో ఈ సేకరణ అంతా వరుసగా అరలలో అమర్చి ఉండేది.

అగ్నిపర్వత ద్వీపాల యాత్ర

యాత్రకు నేపథ్యం

1871లో వైస్రాయి లార్డ్ మేయో వ్యవసాయాభివృద్ధి కోసం రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖను కొత్తగా ఏర్పరచి, దానికి హ్యూమ్‌ను కార్యదర్శిగా నియమించాడు. 1872 ఫిబ్రవరి 8న అండమాన్‌లోని ఖైదీల స్థావరాన్ని చూడడానికి వెళ్ళిన మేయో పోర్ట్ బ్లెయిర్ వద్ద షేర్ అలీ అనే ఖైదీ చేతిలో హతుడయ్యాడు. హ్యూమ్‌కు ప్రభుత్వంలో పెద్ద అండ పోయింది. ఇది జరిగిన ఏడాదికి, 1873 మార్చిలో హ్యూమ్ అండమాన్, నికోబార్ దీవులకు ఆవిరి ఓడలో యాత్ర జరిపాడు.

ఇతనితో పాటు వెళ్ళినవారిలో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఫెర్డినాండ్ స్టోలిజ్కా, వాలెంటైన్ బాల్, కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంకు చెందిన జేమ్స్ వుడ్-మేసన్ ఉన్నారు. పక్షులు, శిలలు, సముద్రజీవులు అన్నీ ఒకే ప్రయాణంలో పరిశీలించగల బృందమిది. అండమాన్, నికోబార్‌లతో పాటు ప్రిపేరిస్, కోకో దీవులనూ, బారెన్, నార్కొండం దీవులనూ వారు దర్శించారు. ప్రిపేరిస్, కోకో దీవులు నేడు మయన్మార్‌కు చెందినవి.

బారెన్ దీవి

బారెన్, నార్కొండం రెండూ అండమాన్ దీవులకు తూర్పున సముద్రగర్భం నుండి పైకి లేచిన అగ్నిపర్వతాల శిఖరాలు. భారత ఫలకం దానికి తూర్పున ఉన్న ఫలకం కిందికి చొచ్చుకుపోవడం వలన ఇవి ఏర్పడ్డాయి. ఇండోనేషియాలోని అగ్నిపర్వతాలు కూడా ఇదే వరుసకు చెందినవి.

బారెన్ దీవి భారతదేశంలో నేటికీ మండుతున్న ఏకైక అగ్నిపర్వతం. గుండ్రని కోటగోడవంటి పాత అగ్నిబిలపు అంచు, ఒకవైపు సముద్రంలోకి తెగిన దారి, మధ్యలో బూడిద, లావాలతో పేరుకున్న శంకువు, ఇదీ దాని స్వరూపం. 18వ శతాబ్దం చివరి భాగంలో, 19వ శతాబ్దం ఆరంభంలో అది ఉగ్రరూపం దాల్చినట్లు నావికులు నమోదు చేశారు. హ్యూమ్ బృందం చూసేనాటికి అది శాంతించి ఉన్నది. మళ్ళీ 1991లో విస్ఫోటనం చెందింది. ఆ తరువాత కూడా అనేకసార్లు లావాను వెదజల్లింది. 1873 నాటి పరిశీలనలకు శాస్త్రీయ విలువ అందువలన కూడా ఉన్నది. అగ్నిపర్వతం నిద్రిస్తున్నప్పుడు దీవి ఎలా ఉండేదో అవి తెలుపుతాయి.

నార్కొండం దీవి

నార్కొండం చాలాకాలం క్రితమే చల్లారిన అగ్నిపర్వతం. విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. శిఖరం 700 మీటర్లకు పైగా ఎత్తున, తరచు మబ్బులు కమ్ముకుని ఉంటుంది. నరకకుండం అనే మాట నుండి ఈ పేరు వచ్చిందని ఒక అభిప్రాయం కలదు. ఎగుడుదిగుడు తీరం, నిలువెత్తు వాలు, దాదాపు శిఖరం వరకు దట్టమైన అడవి ఉన్న ఈ దీవిపై ఆనాడు మనుష్యుల నివాసం లేదు.

ఈ దీవిలో కనిపించిన ఒక హార్న్‌బిల్ పక్షి హ్యూమ్‌ను ఆకర్షించింది. హార్న్‌బిల్‌లు పెద్ద ముక్కు, దానిపై కొమ్మువంటి తొడుగు ఉన్న పక్షులు. నార్కొండం పక్షి వీటిలో చిన్నది. మగపక్షి తల, మెడ ఇటుకరంగులో, ఆడపక్షి తల, మెడ నల్లగా ఉంటాయి. రెండింటి తోకా తెలుపే. ఇది అప్పటివరకు శాస్త్రానికి తెలియని జాతి అని నిర్ణయించి, అదే 1873లో స్ట్రే ఫెదర్స్ మొదటి సంపుటిలో హ్యూమ్ వర్ణించాడు. దీని శాస్త్రీయనామం రైటిసెరాస్ నార్కొండమి.

ఇక్కడ ఒక విశేషం కలదు. దగ్గరలోని అండమాన్ దీవులు ఎన్నో రెట్లు పెద్దవి, అడవులు కూడా అపారం. అయినా అక్కడ హార్న్‌బిల్ ఒక్కటీ లేదు. నార్కొండం సముద్రం నుండి పుట్టిన దీవి గనుక దానిపై ఉన్న ప్రతి ప్రాణీ గాలిలోనో నీటిలోనో దూరప్రయాణం చేసి వచ్చినదే. అలా చేరిన పక్షి తన వారినుండి విడిపోయి, తరతరాలు ఏకాంతంగా జీవించి వేరు జాతిగా రూపొందుతుంది. 1835లో పసిఫిక్ మహాసముద్రంలోని గాలాపగోస్ అగ్నిపర్వత ద్వీపాలలో దీవికొక తీరుగా ఉన్న పక్షులను చూసిన చార్లెస్ డార్విన్ ఇటువంటి ఆలోచనలతోనే 1859లో జీవపరిణామ సిద్ధాంతాన్ని గ్రంథస్థం చేశాడు. నార్కొండం హార్న్‌బిల్ బంగాళాఖాతంలో అటువంటి ఉదాహరణ.

హార్న్‌బిల్ జీవనవిధానం కూడా ప్రత్యేకమైనది. ఆడపక్షి చెట్టుతొర్రలో చేరి, సన్నని చీలిక మాత్రం ఉంచి ద్వారాన్ని మూసివేసుకుంటుంది. పిల్లలు ఎదిగేవరకు మగపక్షి ఆ చీలికగుండా ఆహారం అందిస్తుంది. మర్రి, మేడి జాతి పండ్లు దీని ముఖ్యాహారం. మింగిన గింజలను దూరంగా విడుస్తుంది గనుక దీవిలోని అడవి విస్తరించడానికి ఈ పక్షి తోడ్పడుతుంది.

యాత్రా ఫలితాలు

ఈ యాత్ర, డేవిసన్ సేకరణ, స్థానికోద్యోగుల సహకారం కలిసి దీవుల పక్షుల గురించిన జ్ఞానాన్ని ఎంతో పెంచాయి. 1873లో హ్యూమ్ వర్ణించిన పక్షులలో అండమాన్ బాతు, అండమాన్ అడవి పావురం, అండమాన్ నైట్‌జార్ ఉన్నాయి. మరొక చిన్న గుడ్లగూబకు సహయాత్రికుడైన బాల్ పేరు పెట్టాడు. 1874లో స్ట్రే ఫెదర్స్ రెండవ సంపుటిలో బంగాళాఖాతపు దీవుల పక్షులపై పుస్తకమంత దీర్ఘవ్యాసం ప్రచురించాడు. యాత్రలో తోడున్న స్టోలిజ్కా ఆ మరుసటి సంవత్సరమే, 1874 జూన్‌లో, మధ్య ఆసియా నుండి తిరిగివస్తూ లడఖ్‌లో మరణించాడు. బాల్ తన అనుభవాలను తరువాత గ్రంథంగా వ్రాశాడు.

1875లో హ్యూమ్ పశ్చిమతీరానికి ఆవలనున్న లక్షదీవులకు క్లైడ్ అనే సర్వే ఓడలో వెళ్ళాడు. దీపస్తంభాలకు స్థలాల పరిశీలన ఆ ప్రయాణపు అధికారిక ఉద్దేశం. అవి పగడపు దీవులు. అగ్నిపర్వత ద్వీపాలకూ వాటికీ ఉన్న తేడాను ఒకే పరిశీలకుడు స్వయంగా చూడగలిగాడు.

ధాత కరువు, ఉద్యోగ పతనం

1876-78 మధ్య దక్షిణ భారతదేశంలో సంభవించిన మహాక్షామాన్ని తెలుగువారు ధాత కరువు అంటారు. కర్నూలు, బళ్ళారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. నేడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలో భాగం. ఆ సమయంలో దేశపు వ్యవసాయ శాఖ కార్యదర్శి హ్యూమ్. కాని పేరుకు వ్యవసాయ శాఖ అయినా దాని పని అంతా పన్నుల వసూలు చుట్టూ తిరిగిందని, రైతుకు మేలు చేసే మేయో ఆశయం నెరవేరలేదని ఇతని ఆవేదన. సేంద్రియ ఎరువుల వాడకం, వంటచెరకు కోసం చెట్ల పెంపకం, రైతుల ఋణభారం తగ్గింపు వంటి అంశాలను చర్చిస్తూ 1879లో అగ్రికల్చరల్ రిఫామ్ ఇన్ ఇండియా అనే పుస్తకం ప్రచురించాడు.

వైస్రాయి లిట్టన్ విధానాలను హ్యూమ్ దాపరికం లేకుండా విమర్శించేవాడు. 1879లో ఇతనిని కార్యదర్శి పదవినుండి తప్పించి అలహాబాదులోని రెవెన్యూ బోర్డుకు పంపారు. 1882లో ఉద్యోగ విరమణ చేశాడు.

మణిపూర్ యాత్ర, అభిప్రాయాలలో మార్పు

1881లో మణిపూర్‌కు జరిపిన యాత్ర హ్యూమ్ చివరి పక్షి యాత్ర. అక్కడ దట్టంగా పెరిగిన ఏనుగుగడ్డిని కోయించి మణిపూర్ పొద పూరేడు పిట్టను సంపాదించాడు. అక్కడే దొరికిన ఒక అందమైన ఫెసెంట్ పక్షికి తన భార్య పేరు పెట్టాడు. 1879-81 మధ్య సి.హెచ్.టి.మార్షల్‌తో కలిసి గేమ్ బర్డ్స్ ఆఫ్ ఇండియా, బర్మా అండ్ సిలోన్ అనే సచిత్ర గ్రంథాన్ని మూడు సంపుటాలుగా వెలువరించాడు. కర్నూలు ప్రాంతపు మైదానాలలో ఒకప్పుడు విరివిగా ఉండిన బట్టమేక పిట్ట వర్ణన దీని మొదటి సంపుటిలో ఉన్నది.

ఇదే కాలంలో హ్యూమ్ దివ్యజ్ఞాన సమాజంలో చేరాడు. 1881లో సిమ్లా శాఖకు అధ్యక్షుడయ్యాడు. శాకాహారిగా మారి, పక్షులను చంపడం మానుకున్నాడు. తనకోసం పక్షులను కాల్చవద్దని సహకారులను కోరాడు. కొద్ది సంవత్సరాలకే సమాజ నాయకులతో భేదాభిప్రాయాలు వచ్చి దూరమయ్యాడు. శాకాహారం, భారతీయ తత్వచింతన పట్ల గౌరవం మాత్రం నిలిచి ఉన్నాయి.

వ్రాతప్రతుల నష్టం, సేకరణ దానం

1885 నాటికి సమగ్ర గ్రంథానికి కావలసిన వ్రాతప్రతులు సిమ్లా భవనంలో సిద్ధంగా ఉన్నాయి. పాతికేళ్ళ పరిశీలనలు, వందలాది సహకారుల ఉత్తరాల సారం అందులో ఉన్నది. ఒక శీతాకాలంలో హ్యూమ్ ఊరిలో లేని సమయంలో, ఒక సేవకుడు ఆ కాగితాలను చిత్తుకాగితాలుగా బజారులో అమ్మివేశాడు. తిరిగివచ్చి చూసుకునేసరికి ఆ రచన తిరిగి పొందగల స్థితిలో లేదు. భారీ వర్షాలకు కొండచరియ విరిగి మ్యూజియం భాగానికి కూడా నష్టం కలిగింది. అంతకు ముందే దాదాపు 20 వేల నమూనాలు పురుగుల పాలయ్యాయి.

ఈ ఘటనతో హ్యూమ్ పక్షిశాస్త్రం నుండి విరమించుకున్నాడు. మిగిలిన సేకరణ కూడా చెడిపోకూడదనే ఉద్దేశంతో దానిని మొత్తంగా లండనులోని బ్రిటిష్ మ్యూజియంకు ఉచితంగా ఇవ్వజూపాడు. 1885లో మ్యూజియం పక్షుల విభాగాధికారి రిచర్డ్ బౌడ్లర్ షార్ప్ సిమ్లాకు స్వయంగా వచ్చి, దేవదారు చెక్కతో చేయించిన 47 పెట్టెలలో సేకరణను సర్ది కొండలమీదుగా తరలించాడు. రమారమి 63 వేల పక్షి చర్మాలు, 18,500 గుడ్లు, గూళ్ళు, మరికొన్ని జంతు చర్మాలు అందులో ఉన్నాయి. కొత్తగా వర్ణించిన జాతులకు ఆధారమైన మూల నమూనాలే 250కి పైగా ఉండేవి. మిగిలిన కొద్దిపాటి వ్రాతలను ఇ.డబ్ల్యు.ఓట్స్‌కు అప్పగించగా, 1889-90లో ఆయన నెస్ట్స్ అండ్ ఎగ్స్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ రెండవ కూర్పును వెలువరించాడు.

భారత జాతీయ కాంగ్రెసు, తెలుగు ప్రాంతం

1883 మార్చిలో హ్యూమ్ కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రులకు ఒక లేఖ వ్రాసి, దేశసేవకు సంఘటితం కావలసిందిగా పిలుపునిచ్చాడు. వివిధ నగరాల నాయకులతో సంప్రదింపులు సాగించాడు. పక్షుల పరిశీలకులను ఉత్తరాలతో ఒక వలగా అల్లిన నేర్పు ఈ పనికి కూడా అక్కరకు వచ్చింది. మొదట పూనాలో జరపదలచిన సమావేశం అక్కడ కలరా వ్యాపించడంతో బొంబాయికి మారింది. 1885 డిసెంబరు 28న గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో 72 మంది ప్రతినిధులతో మొదటి కాంగ్రెసు సమావేశం జరిగింది. డబ్ల్యు.సి.బెనర్జీ అధ్యక్షత వహించాడు. హ్యూమ్ ప్రధాన కార్యదర్శి అయ్యాడు.

ఆ 72 మందిలో మద్రాసు రాష్ట్రం నుండి వెళ్ళిన పి.ఆనందాచార్యులు, పి.రంగయ్యనాయుడు ఉన్నారు. నేటి అనంతపురం జిల్లాలోని గుత్తి నుండి పి.కేశవ పిళ్ళె ప్రతినిధిగా వెళ్ళాడు.  కరువు చవిచూసిన ఈ ప్రాంతం గొంతు తొలి సమావేశంలోనే వినిపించడం విశేషం. ఆనందాచార్యులు 1891లో నాగపూరు కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యాడు. 1887 డిసెంబరులో మూడవ సమావేశం మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన జరిగింది.

రాబోయే తిరుగుబాటును నివారించడానికి ప్రభుత్వ ప్రోత్సాహంతోనే హ్యూమ్ కాంగ్రెసును స్థాపించాడన్న వాదాన్ని లాలా లజపతిరాయ్ 1916లో తన గ్రంథంలో ప్రచారం చేశాడు. బిపిన్ చంద్ర వంటి చరిత్రకారులు ఆధారాలను పరిశీలించి దీనిని తోసిపుచ్చారు. దేశంలో అప్పటికే అనేక సంఘాలు పనిచేస్తుండగా, విశ్రాంత ఆంగ్లేయాధికారి ముందుండడం వలన ప్రభుత్వ అనుమానం కొంత తగ్గిందని వారి అభిప్రాయం.

చివరి రోజులు

1890లో భార్య మరణించింది. 1894లో హ్యూమ్ ఇంగ్లండుకు తిరిగి వెళ్ళి లండను శివారులోని అప్పర్ నార్‌వుడ్‌లో స్థిరపడ్డాడు. అక్కడ మొక్కల అధ్యయనం చేపట్టి, వేలాది మొక్కలను ఎండబెట్టి భద్రపరచాడు. సామాన్యులు కూడా వృక్షశాస్త్రం నేర్చుకోవాలని 1910లో సౌత్ లండన్ బొటానికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించాడు. 1912 జూలై 31న మరణించాడు. బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఖననం చేశారు. కాంగ్రెసులో సహచరుడైన విలియం వెడ్డర్‌బర్న్ 1913లో ఇతని జీవితచరిత్రను ప్రచురించాడు. భారత తపాలా శాఖ 1973లో స్మారక బిళ్ళను విడుదల చేసింది.

సేకరణ తరువాతి ఉపయోగం

హ్యూమ్ ఇచ్చిన నమూనాలు నేటికీ శాస్త్రజ్ఞులకు ఆధారంగా ఉన్నాయి. వాటికి రెండు ఉదాహరణలు ప్రసిద్ధమైనవి.

1867లో సట్లెజ్ లోయలో హ్యూమ్ ఒక చిన్న వార్బ్లర్ పక్షిని సేకరించాడు. అటువంటిది మరొకటి ఎవరికీ దొరకలేదు. అది వేరు జాతి అవునా కాదా అన్న సందేహం శతాబ్దానికి పైగా నిలిచింది. 2006లో థాయిలాండులో పట్టుకున్న ఒక పక్షి ఈకల నుండి తీసిన డి.ఎన్.ఎ.ను హ్యూమ్ నమూనాతో పోల్చగా రెండూ ఒకే జాతివని తేలింది.

1873లోనే హ్యూమ్ మధ్య భారతపు అడవులలో దొరికిన చిన్న గుడ్లగూబను కొత్త జాతిగా వర్ణించాడు. 1884 తరువాత అది విశ్వసనీయంగా కనిపించలేదు. మ్యూజియం నమూనాలను పునఃపరిశీలించి, వాటిలో కొన్నింటి చీటీలు దొంగచాటుగా మార్చినవని గుర్తించిన అమెరికా శాస్త్రజ్ఞురాలు పమేలా రాస్ముసెన్, నిజమైన పాత చీటీల ఆధారంగా వెదకి, సహచరులతో కలిసి 1997లో దానిని మళ్ళీ కనుగొన్నది. చీటీపై స్థలం, తేదీ తప్పక వ్రాయాలన్న హ్యూమ్ నియమం ఎందుకు అవసరమో ఈ ఉదంతం తెలుపుతుంది.

నార్కొండం హార్న్‌బిల్ భవిష్యత్తు

నార్కొండం దీవి నేడు అభయారణ్యం. దీని హార్న్‌బిల్‌కు భారత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యున్నత రక్షణ కలదు. 1969లో దీవిపై పోలీసు స్థావరం ఏర్పడింది. అక్కడికి తెచ్చిన మేకలు మొక్కలను మేసివేయడం వలన అడవికి హాని కలుగగా, తరువాతి కాలంలో వాటిని తొలగించారు. దీవిపై రాడారు నిర్మాణానికి కోస్ట్ గార్డ్ చేసిన ప్రతిపాదనను 2012లో పర్యావరణ మంత్రిత్వశాఖ తిరస్కరించింది. 2014లో అనుమతి లభించింది. దేశ రక్షణ అవసరం ఒకవైపు, ఒక జాతి ఏకైక నివాసం మరొకవైపు ఉండడం వలన ఈ అంశం విస్తృతంగా చర్చకు వచ్చింది. 2020లో వెలువడిన ఒక పరిశోధన పక్షుల సంఖ్యను రమారమి వెయ్యిగా అంచనా వేసింది. సంఖ్య నిలకడగా ఉన్నా, ఒక పెను తుఫాను, ఒక కార్చిచ్చు లేక ఒక వ్యాధి వచ్చినచో పక్షులు వలసపోవడానికి మరొక చోటు లేదు.

అండమాన్, నికోబార్ దీవులలో నేడు తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్నారు. రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు.

ముఖ్య రచనలు

మై స్క్రాప్ బుక్ (1869)
స్ట్రే ఫెదర్స్ (పత్రిక, 1872 నుండి)
నెస్ట్స్ అండ్ ఎగ్స్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ (1873-75)
పక్షి సేకరణ కరదీపిక (1874)
అగ్రికల్చరల్ రిఫామ్ ఇన్ ఇండియా (1879)
గేమ్ బర్డ్స్ ఆఫ్ ఇండియా, బర్మా అండ్ సిలోన్ (మార్షల్‌తో కలిసి, 1879-81)